పోల్స్, జీరోలతో డిజిటల్ ఫిల్టర్‌ను చదవడం ఎలా: బోరు మోటారు సిగ్నల్ ఉదాహరణతో

ఒక డిజిటల్ ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీని ఉంచుతుందో, దేన్ని తీసేస్తుందో తెలుసుకోవడానికి దాని సమీకరణంలో వందల విలువలు వేసి చూడనక్కర లేదు. ఆ ఫిల్టర్ పోల్స్ (దగ్గరి ఫ్రీక్వెన్సీలను పెంచే బిందువులు), జీరోలు (దగ్గరివాటిని అణిచే బిందువులు) ఎక్కడున్నాయో గ్రాఫ్ పేపరు మీద గుర్తించగలిగితే, మిగతా పనంతా స్కేలుతో దూరాలు కొలవడమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీల్లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) చదువుతూ, పరీక్షలో జెడ్ ట్రాన్స్‌ఫారమ్ లెక్కలు తప్పులేకుండా చేసి, ప్రాజెక్టులో ఫిల్టర్ అవసరమైనప్పుడు మాత్రం ఎక్కడినుంచో కోడు తెచ్చి అతికించే విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. తెచ్చిన కోడులోని అంకెలు మీ సిగ్నల్‌కు సరిపోతాయో లేదో ఈ బొమ్మ తప్ప మరేదీ అంత త్వరగా చెప్పదు.

ఉదాహరణకు మన దగ్గరి సమస్యనే తీసుకుందాం. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి మండలాల్లో చాలా పొలాలకు బోరే ఆధారం. సబ్‌మర్సిబుల్ మోటారు బేరింగు అరిగిపోతున్నదీ లేనిదీ మోటారును పైకి లాగేదాకా తెలియదు కాబట్టి, బోరు దగ్గరి డెలివరీ పైపుకు ఒక పీజో డిస్కు (కంపనాన్ని వోల్టేజీగా మార్చే బిళ్ల) అంటించి, ఆ కంపనాన్ని మైక్రోకంట్రోలర్‌తో చదవాలని అనుకుందాం. సెన్సారు వైరు మోటారు కేబుల్ పక్కనుంచే స్టార్టర్ డబ్బా దాకా వస్తుంది కనుక కరెంటు తాలూకు 50 హర్ట్జ్ హమ్, అంటే అక్కర్లేని రొద, అందులోకి దూరుతుంది. మోటారు కంపనం కూడా దాదాపు అక్కడే ఉండటమే అసలు చిక్కు. రెండు ధ్రువాల సబ్‌మర్సిబుల్ మోటారు లోడు మీద నిమిషానికి సుమారు 2850 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 47.5. తీసేయాల్సినది 50, కాపాడుకోవాల్సినది 47.5. ఈ రెండున్నర హర్ట్జ్ సందులోనే మన పనంతా ఉంది.

మీకు కావలసినవి గ్రాఫ్ పేపరు, వృత్తలేఖిని, కోణమానిని, స్కేలు, సైన్‌లూ కొసైన్‌లూ ఇచ్చే క్యాలిక్యులేటర్. లెక్కను సరిచూసుకోవడానికి పైథాన్ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు.

ముందు శాంప్లింగ్ రేటును తేల్చుకోండి

పోల్స్, జీరోల బొమ్మలో హర్ట్జ్‌లు ఉండవు, కోణాలు మాత్రమే ఉంటాయి. పూర్తి చుట్టు 360 డిగ్రీలు మీ శాంప్లింగ్ రేటుకు సమానం. సెకనుకు 500 శాంపిళ్లు తీసుకుంటే 50 హర్ట్జ్ అంటే 360 × 50 ÷ 500, అంటే 36 డిగ్రీలు. 47.5 హర్ట్జ్ 34.2 డిగ్రీల దగ్గర, 100 హర్ట్జ్ 72 డిగ్రీల దగ్గర పడతాయి. 180 డిగ్రీలకు 250 హర్ట్జ్ వస్తుంది, అదే హద్దు. ఆ హద్దు దాటినవి వెనక్కి మడుచుకొని వేరే ఫ్రీక్వెన్సీ వేషంలో కనిపిస్తాయి. 550 హర్ట్జ్ ఏదైనా లోపలికి వస్తే అది అచ్చంగా 50 లాగే కనిపిస్తుంది, తర్వాత ఏ డిజిటల్ ఫిల్టరూ రెండింటినీ విడదీయలేదు. అందుకే సిగ్నల్ మైక్రోకంట్రోలర్‌లోకి వెళ్లేముందే ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరుతో చేసే ఆర్‌సీ ఫిల్టర్ పెట్టాలి. 10 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ పెడితే కటాఫ్, అంటే పై ఫ్రీక్వెన్సీలు తగ్గడం మొదలయ్యే చోటు, సుమారు 159 హర్ట్జ్ దగ్గర వస్తుంది.

రేటు 500 అని మీరు అనుకోవడం వేరు, నిజంగా 500 ఉండటం వేరు. లూపులో 2 మిల్లీసెకన్లు ఆగమని రాసి, ఆ తర్వాత శాంపిల్ చదివి, లెక్క చేసి, సీరియల్ పోర్టుకు పంపితే ఆ పనులకు పట్టిన కాలం కూడా కలిసి రేటు 480కి దిగిపోవచ్చు. అప్పుడు మీరు 36 డిగ్రీల దగ్గర పెట్టిన జీరో పట్టుకొనేది 50 హర్ట్జ్‌ను కాదు, 48 హర్ట్జ్‌ను. అంటే హమ్ చాలావరకు మిగిలిపోయి, మోటారు కంపనం పోతుంది. టైమర్ ఇంటరప్ట్‌తోనే శాంపిల్ చదవండి, పదివేల శాంపిళ్లకు పట్టిన కాలాన్ని ఒకసారి కొలిచి నిజమైన రేటును రాసిపెట్టుకోండి.

సమీకరణం నుంచి చుక్కలకు

మోటారు దగ్గరికి వెళ్లేముందు సులభమైన ఫిల్టర్ ఒకదానితో చేయి తిప్పుకోవడం మేలు. పరిశీలన బావిలో నీటిమట్టాన్ని ఆరు గంటలకు ఒకసారి, అంటే రోజుకు నాలుగుసార్లు నమోదు చేసే రికార్డరు ఉందనుకోండి. చుట్టుపక్కల మోటార్లు పగలు నడిచి రాత్రి ఆగడం వల్ల మట్టం రోజూ దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. ఆ రోజువారీ ఊగిసలాటను తీసేసి, వారాల తరబడి మట్టం ఎటు పోతున్నదో చూడాలంటే చివరి నాలుగు రీడింగుల సగటు తీయాలని ఎవరికైనా తోస్తుంది. అది ఎంత సరైన ఆలోచనో బొమ్మ చూపిస్తుంది.

ఫిల్టర్ సమీకరణాన్ని ఇలా రాయండి: ఇప్పటి అవుట్‌పుట్ = (ఇప్పటి ఇన్‌పుట్ + ఒకటి వెనుకటిది + రెండు వెనుకటిది + మూడు వెనుకటిది) ÷ 4. ఒక్క శాంపిల్ వెనక్కి వెళ్లడమంటే జెడ్ అనే సంకీర్ణ సంఖ్యతో (కాగితం మీద అది ఒక బిందువు) ఒకసారి భాగించడం. మొత్తాన్ని జెడ్³తో గుణించి భిన్నాలు తొలగిస్తే లవంలో జెడ్³ + జెడ్² + జెడ్ + 1 వస్తుంది, హారంలో 4 × జెడ్³ మిగులుతుంది. లవాన్ని సున్నా చేసే జెడ్ విలువలు జీరోలు, హారాన్ని సున్నా చేసేవి పోల్స్. ఇక్కడ జీరోలు మూడు: −1, ఇంకా నిలువు అక్షం మీద పైన ఒకటి, కింద ఒకటి, అంటే 180, 90, −90 డిగ్రీల దగ్గర. పోల్స్ మూడూ మూలబిందువు దగ్గరే ఉన్నాయి. మూలబిందువు దగ్గరున్న చుక్క, మూలబిందువు కేంద్రంగా 1 వ్యాసార్ధంతో గీసే వృత్తం మీది ప్రతి బిందువుకూ సమాన దూరంలోనే ఉంటుంది కనుక దానివల్ల గెయిన్ (ఇన్‌పుట్‌కు అవుట్‌పుట్ ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) మారదు, లెక్కలో వదిలేయవచ్చు.

రోజుకు నాలుగు శాంపిళ్లు అయినప్పుడు రోజుకు ఒకసారి తిరిగే ఊగిసలాట సరిగ్గా 90 డిగ్రీల దగ్గర, రోజుకు రెండుసార్లది 180 దగ్గర పడతాయి. రెండు చోట్లా జీరోలు వృత్తం మీదే కూర్చున్నాయి. అంటే రోజువారీ ఊగిసలాట తగ్గడం కాదు, పూర్తిగా పోతుంది. నాలుగుకు బదులు ఐదు రీడింగుల సగటు తీసిన వారికి ఈ లాభం దక్కదు, ఎందుకంటే వారి జీరోలు 72, 144 డిగ్రీల దగ్గరకు జరిగిపోతాయి. ఎక్కువ సగటు తీస్తే ఎక్కువ శుభ్రం అవుతుందనే నమ్మకం ఎందుకు పొరపాటో ఈ ఒక్క బొమ్మే చెబుతుంది.

దూరాలు కొలవడం

ఇప్పుడు గ్రాఫ్ పేపరు మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. ఇదే యూనిట్ సర్కిల్, 10 సెంటీమీటర్లు అంటే 1. జీరోను చిన్న సున్నాతో, పోల్‌ను ఇంటూ గుర్తుతో చూపండి. మీకు కావలసిన ఫ్రీక్వెన్సీకి తగిన కోణం దగ్గర వృత్తం మీద పెన్సిల్ మొన పెట్టండి. అక్కడినుంచి ప్రతి జీరోకు ఉన్న దూరాలను కొలిచి గుణించండి, ప్రతి పోల్‌కు ఉన్న దూరాలను కొలిచి గుణించండి, మొదటి లబ్ధాన్ని రెండోదానితో భాగించి, సమీకరణం ముందున్న స్థిరాంకంతో హెచ్చించండి. వచ్చినదే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్.

నాలుగు రీడింగుల సగటుకు 0 డిగ్రీల దగ్గర కొలిచి చూడండి. −1కి దూరం 2, పైదానికీ కిందిదానికీ 1.414 చొప్పున. లబ్ధం 4, దాన్ని 4తో భాగిస్తే 1. మారని మట్టం మారకుండానే వస్తుందని అర్థం. వారానికి ఒకసారి తిరిగే మార్పు 12.86 డిగ్రీల దగ్గర ఉంటుంది, అక్కడ 0.97 వస్తుంది. ఒక్క ఇబ్బంది ఏమిటంటే ఈ సగటు వల్ల గ్రాఫు మొత్తం ఒకటిన్నర శాంపిళ్లు, అంటే తొమ్మిది గంటలు ఆలస్యంగా వస్తుంది. వాన పడిన రోజుతో పోల్చి చూసేటప్పుడు ఆ తొమ్మిది గంటలను వెనక్కి జరపడం మరచిపోకండి.

పోల్ ఉన్న ఫిల్టర్‌కు ఇంతకన్నా చిన్న ఉదాహరణ ఉండదు: ఇప్పటి అవుట్‌పుట్ = 0.9 × గత అవుట్‌పుట్ + 0.1 × ఇప్పటి ఇన్‌పుట్. పోల్ అడ్డ అక్షం మీద 0.9 దగ్గర ఉంది. 0 డిగ్రీల దగ్గర పెన్సిల్ పెడితే పోల్‌కు దూరం 0.1, గెయిన్ 0.1 ÷ 0.1 = 1. 180 దగ్గర దూరం 1.9, గెయిన్ 0.053. పెళ్లి పందిరి గుడ్డ కింద గుంజ నిలబెట్టిన చోట పైకి లేచి, మేకు కొట్టిన చోట నేలకు అంటుకున్నట్టు, పోల్ దగ్గరి ఫ్రీక్వెన్సీలు లేస్తాయి, జీరో దగ్గరివి అణుగుతాయి.

1952లో ఇంజినీరింగ్ పరిశోధకులు రగజ్జినీ, జాదే తమ పరిశోధనలో ఈ పద్ధతిని జెడ్ ట్రాన్స్‌ఫారమ్ అని పిలిచినప్పుడు ఇంజినీరు బల్ల మీద గ్రాఫు గీసిపెట్టే కంప్యూటర్ లేదు. స్కేలుతో చదవడానికి ఇది ఇంత అనుకూలంగా ఉండటంలో వింతేమీ లేదు.

జీరోను హమ్ మీద పెట్టడం, పోల్‌ను దాని వెనుక నిలపడం

ఇక మోటారు సిగ్నల్‌కు వద్దాం. 50 హర్ట్జ్ పూర్తిగా పోవాలంటే 36 డిగ్రీల దగ్గర, వృత్తం మీదే జీరో పెట్టాలి. కోడులోని అంకెలు వాస్తవ సంఖ్యలుగా ఉండాలి కాబట్టి −36 డిగ్రీల దగ్గర కూడా దాని జంటను పెట్టాలి. రెండింటినీ కలిపిన బహుపది జెడ్² − 2 × కొసైన్ 36 × జెడ్ + 1, అంటే జెడ్² − 1.6180 జెడ్ + 1. ఈ రెండు జీరోలతోనే ఆగిపోతే హమ్ పోతుంది, దానితోపాటు 47.5 కూడా దాదాపు పోతుంది. ఆ బిందువు నుంచి దగ్గరి జీరోకు దూరం 0.0314 మాత్రమే మరి.

దూరంలోని ఈ చిన్న సంఖ్యను సరిచేయాలంటే దాన్ని అలాంటి మరో చిన్న సంఖ్యతోనే భాగించాలి. అందుకే జీరో వెనుకనే, అదే కోణంలో, వృత్తానికి కొద్దిగా లోపల పోల్‌ను పెడతారు. 50 హర్ట్జ్ బిందువు దగ్గర జీరో దూరం సున్నా కనుక పోల్ ఏమీ చేయలేదు. కొంచెం పక్కకు జరగగానే పోల్‌కూ జీరోకూ దూరాలు దాదాపు సమానమై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇదే నాచ్ ఫిల్టర్. పోల్ వ్యాసార్ధం 0.98 అనుకుంటే హారం జెడ్² − 2 × 0.98 × కొసైన్ 36 × జెడ్ + 0.98², అంటే జెడ్² − 1.5857 జెడ్ + 0.9604.

పది సెంటీమీటర్ల వృత్తంలో ఈ పోల్ అంచుకు 2 మిల్లీమీటర్ల లోపలే ఉంటుంది కనుక కొలత కుదరదు. ఆ మూలను మాత్రమే పదింతలు పెంచి, ఇంకో కాగితం మీద గీయండి. ఇప్పుడు 1 అంటే 100 సెంటీమీటర్లు. వృత్తపు అంచు దాదాపు సరళరేఖలా కనిపిస్తుంది, పోల్ దాని నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అంచు వెంట ఒక్కో హర్ట్జ్‌కు 1.26 సెంటీమీటర్లు వస్తుంది. 47.5 హర్ట్జ్ బిందువు జీరో నుంచి 3.14 సెంటీమీటర్ల దూరంలో, పోల్ నుంచి 3.7 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. భాగిస్తే 0.85. అవతలి జంట చుక్కలు చాలా దూరంలో ఉండటం వల్ల వాటి ప్రభావం ఒక శాతమే.

వ్యాసార్ధం ఎంత పెట్టాలి

ఇక్కడ చాలామంది పోల్‌ను వృత్తానికి ఎంత దగ్గరగా జరిపితే నాచ్ అంత సన్నగా ఉంటుంది కాబట్టి 0.99, 0.995 అంటూ పోతుంటారు. కాగితం మీద అది నిజమే. నాచ్ వెడల్పు దాదాపు (1 − వ్యాసార్ధం) × శాంప్లింగ్ రేటు ÷ 3.14. 0.95కి సుమారు 8 హర్ట్జ్, 0.98కి 3.2, 0.99కి 1.6. 47.5 దగ్గర మిగిలే సిగ్నల్ 0.95కి 53 శాతమైతే, 0.98కి 84, 0.99కి 95. ఇంతవరకే చూస్తే 0.99 పెట్టడమే తెలివైన పని అనిపిస్తుంది.

కాని కరెంటు ఎప్పుడూ సరిగ్గా 50 దగ్గర నిలబడి ఉండదు. మన దేశపు గ్రిడ్ కోడ్ (విద్యుత్ సరఫరా వ్యవస్థ నియమావళి) ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 హర్ట్జ్‌ల మధ్య ఉండాలని చెబుతుంది, అంటే ఆ పరిధిలో అటూ ఇటూ ఊగడం మామూలే. హమ్ 49.9 దగ్గరకు జరిగినప్పుడు మీ పెద్ద బొమ్మలో అది జీరో నుంచి 1.3 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. పోల్ 2 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మిగిలే హమ్ 6 శాతం. పోల్ 1 సెంటీమీటరు దూరంలోనే ఉంటే, అంటే వ్యాసార్ధం 0.99 అయితే, 12 శాతం. 0.95 అయితే 2.5 శాతమే. నాచ్ సన్నబడిన కొద్దీ కదిలే హమ్ దాని నుంచి తప్పించుకుంటుంది. హమ్ మోటారు కంపనం కన్నా పది రెట్లు పెద్దగా ఉంటే, వైరు బాగా లేనప్పుడు అలా ఉండటం అరుదేమీ కాదు, 12 శాతం మిగలడమంటే కంపనం కన్నా పెద్ద హమ్ మిగిలిందన్నమాట.

మూడో కొలత కాలం. పోల్ వ్యాసార్ధమే ఆ ఫిల్టర్ జ్ఞాపకశక్తి. ఒక్కో శాంపిల్‌కు పాత కదలిక అన్ని రెట్లు తగ్గుతూ పోతుంది. కాబట్టి మోటారు ఆన్ అయినప్పుడు పుట్టే కుదుపు ఒక శాతానికి తగ్గడానికి 0.95కి 90 శాంపిళ్లు, 0.98కి 228, 0.99కి 458 పడతాయి, అంటే వరుసగా 0.18, 0.46, 0.92 సెకన్లు. వ్యాసార్ధం 1 దాటితే తగ్గడం బదులు పెరుగుతుంది. 1.02 దగ్గర పోల్ ఉంటే అవే 228 శాంపిళ్లలో సుమారు 90 రెట్లవుతుంది. పోల్స్ అన్నీ వృత్తం లోపలే ఉండాలన్న నియమం వెనుక ఉన్నది ఈ గుణకారమే.

ఈ పనికి నేను 0.98 దగ్గరే ఆగుతాను. హమ్ ఎక్కువగా ఉందనిపిస్తే ఫిల్టర్ జోలికి పోకముందే సెన్సారుకు షీల్డు వైరు వేసి, దాన్ని మోటారు కేబుల్ నుంచి దూరంగా లాగండి. నాచ్ చేయగలిగిన దానికన్నా ఎక్కువ మేలు ఆ వైరే చేస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. బోరులో నీళ్లు తగ్గి మోటారు గాలి లాగుతున్నప్పుడు లోడు తగ్గి వేగం పెరుగుతుంది. వేగం 2950 చుట్లకు చేరిందనుకోండి, కంపనం 49.2 హర్ట్జ్‌కు వచ్చి నాచ్ గోతిలో పడుతుంది, 0.98 వ్యాసార్ధం దగ్గర అందులో 45 శాతమే బయటికి వస్తుంది. మోటారు ప్రమాదంలో ఉన్న సరిగ్గా ఆ సమయానికే మీ రీడింగు తగ్గి అంతా బాగుందన్నట్టు కనిపిస్తుంది. అందుకే కంపనం ఒక్కటే చూడకుండా మోటారు తీసుకుంటున్న కరెంటును కూడా కొలవండి. లోడు తగ్గితే ఆంపియర్లు కూడా తగ్గుతాయి కాబట్టి రెండూ కలిసి తగ్గినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది.

100 హర్ట్జ్ దగ్గర కనిపించే దాన్ని కూడా హమ్ అనుకొని ఇంకో నాచ్ పెట్టకండి. మోటారులోని అయస్కాంత బలాలు కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో నిజంగానే ఇనుమును కుదుపుతాయి, అది మీకు కావలసిన సమాచారమే. పది శాంపిళ్ల సగటు తీస్తే 50, 100, 150, 200, 250 అన్నీ ఒకేసారి పోతాయి కదా అని ఎవరైనా సలహా ఇస్తే, ట్యాంకులో నీటిమట్టం లాంటి నిదానమైన సిగ్నల్‌కు అది చక్కటి సలహాయే. ఇక్కడ మాత్రం ఆ సగటు 47.5ను 5 శాతానికి దించేస్తుంది.

కోడులో పెట్టేటప్పుడు

0 డిగ్రీల దగ్గర గెయిన్ 1 కావడానికి లవాన్ని 0.9810తో గుణించాలి. 0 డిగ్రీలు అంటే జెడ్ విలువ 1 కాబట్టి, హారంలో జెడ్ బదులు 1 వేస్తే వచ్చే 0.3747ను, లవంలో అలాగే వేస్తే వచ్చే 0.3820తో భాగిస్తే ఆ సంఖ్య దొరుకుతుంది. చివరి సమీకరణం ఇది:

ఇప్పటి అవుట్‌పుట్ = 0.9810 × ఇప్పటి ఇన్‌పుట్ − 1.5873 × గత ఇన్‌పుట్ + 0.9810 × అంతకుముందరి ఇన్‌పుట్ + 1.5857 × గత అవుట్‌పుట్ − 0.9604 × అంతకుముందరి అవుట్‌పుట్.

హారంలో −1.5857 ఉన్నది ఇక్కడ +1.5857 అయింది, +0.9604 ఉన్నది −0.9604 అయింది. గత అవుట్‌పుట్‌లను సమీకరణం అవతలి వైపుకు తీసుకెళ్లాం కనుక గుర్తులు మారాయి. గుర్తు మార్చడం మరిస్తే ఫిల్టర్ కొద్ది శాంపిళ్లలోనే అదుపు తప్పి సంఖ్యలు పొంగిపోతాయి, కాబట్టి ఆ లక్షణం కనిపించగానే ముందు ఇక్కడ వెతకండి. పైథాన్‌లో నంపై అనే గణిత లైబ్రరీలోని రూట్స్ ఫంక్షన్‌కు 1, −1.5857, 0.9604 ఇచ్చి, వచ్చిన మూలాల పరిమాణం 0.98, కోణం 36 డిగ్రీలు ఉన్నాయో లేదో ఒకసారి సరిచూడండి.

ఫ్లోటింగ్ పాయింటులో లెక్కించే చిప్ అయితే ఇంతటితో సరి. చిన్న చిప్‌లో ఎనిమిది బిట్ల పూర్ణాంకాలతో, ఒక్కో మెట్టు 1/64 చొప్పున నడిపించాలనుకుంటే మాత్రం బొమ్మను మళ్లీ గీయాలి. 1.6180కి దగ్గరి విలువ 104/64, అంటే 1.625. జీరో కోణం 35.66 డిగ్రీలకు జరిగి 49.53 హర్ట్జ్‌ను పట్టుకుంటుంది. హారంలో 101/64, 61/64 వస్తాయి. మొత్తం కలిపి చూస్తే సరిగ్గా 50 హర్ట్జ్ దగ్గర హమ్‌లో నాలుగో వంతు మిగిలిపోతుంది. 0.99 వ్యాసార్ధంతో ఇదే పని చేస్తే ఏకంగా 70 శాతం మిగులుతుంది. చుక్కలు వృత్తానికి దగ్గరయ్యే కొద్దీ, ఒకదానికొకటి దగ్గరయ్యే కొద్దీ, అంకెల్లో చిన్న సవరింపు కూడా గెయిన్‌ను పెద్దగా మార్చేస్తుంది. పదహారు బిట్లు వాడితే ఈ బాధ ఉండదు.

పొలం దగ్గరికి వెళ్లేముందు 50 హర్ట్జ్ సైన్ తరంగాన్ని కోడులోనే తయారుచేసి ఫిల్టర్‌కు ఇచ్చి చూడండి. మొదటి అర సెకను అవుట్‌పుట్‌ను పట్టించుకోవద్దు, అది పోల్ జ్ఞాపకం ఖాళీ అయ్యే కాలం. ఆ తర్వాత దాదాపు సున్నా రావాలి.

ఎదురు దిశలో: సిగ్నల్ నుంచి పోల్‌ను పట్టుకోవడం

ఇంతవరకు చుక్కల నుంచి ప్రవర్తనను చదివాం. ప్రవర్తన నుంచి చుక్కలను కూడా చదవవచ్చు, ఫిల్టర్ గీయడం కన్నా ఇదే ఎక్కువ అక్కరకొస్తుందని నా అభిప్రాయం. మోటారు ఆపి, డెలివరీ పైపును చిన్న సుత్తితో ఒక్కసారి తట్టి, సెన్సారు సిగ్నల్‌ను నమోదు చేయండి. పైపు కొంతసేపు మోగి ఆగుతుంది. ఆ మోతలో నాలుగైదు శిఖరాలను గుర్తించి, వాటి మధ్య సగటున ఎన్ని శాంపిళ్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కో చుట్టుకు 12 శాంపిళ్లు వచ్చాయనుకుంటే పోల్ కోణం 360 ÷ 12 = 30 డిగ్రీలు, అంటే 41.7 హర్ట్జ్. తర్వాత ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి ఎత్తు ఎంత తగ్గిందో చూడండి. ప్రతిసారీ సగమైతే వ్యాసార్ధాన్ని 12 సార్లు గుణిస్తే 0.5 రావాలి, కనుక అది 0.944. మీ పైపుకు 30 డిగ్రీల దగ్గర, 0.944 వ్యాసార్ధంలో ఒక పోల్, కింద దాని జంట ఉన్నాయి.

ఇప్పుడు ఆ పోల్‌ను నాచ్ గీసిన కాగితం మీదే గుర్తించండి. మోటారు మామూలుగా 34.2 డిగ్రీల దగ్గర కంపిస్తున్నప్పుడు పైపు పోల్‌కు దూరం 0.091. లైను చివరి పొలాల్లో లో వోల్టేజీ వచ్చినప్పుడు మోటారు వేగం తగ్గుతుంది. అది 2700 చుట్లకు, అంటే 45 హర్ట్జ్‌కు, 32.4 డిగ్రీలకు దిగితే పోల్‌కు దూరం 0.069 అవుతుంది. జంట పోల్‌ను కూడా కలిపి చూస్తే గెయిన్ సుమారు మూడో వంతు పెరుగుతుంది. బేరింగు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉన్నా సాయంత్రం రీడింగు ఉదయం కన్నా మూడో వంతు ఎక్కువ చూపించవచ్చు, పెరిగినది మోటారు కంపనం కాదు, పైపు స్పందన. కాబట్టి ప్రతి రీడింగు పక్కన వోల్టేజీని కూడా నమోదు చేసి, ఒకే వోల్టేజీ దగ్గర తీసిన రీడింగులనే ఒకదానితో ఒకటి పోల్చండి. పైపు క్లాంపు బిగించినా, సెన్సారు చోటు మార్చినా పైపు పోల్ కదులుతుంది, అప్పుడు మళ్లీ సుత్తితో తట్టి కోణాన్నీ వ్యాసార్ధాన్నీ కొత్తగా రాసుకోవాలి.